ముప్పై ఏళ్ళ తర్వాత మిగిలేది ఇప్పుడే ఎలా చెప్తారు? (తిరుపతి పక్కన తుమ్మలగుంట దగ్గర ఇల్లు, 'గ్రీన్' ఎస్టిమేట్ మీద అనుమానం)

తుమ్మలగుంట_ప్లాటు
తుమ్మలగుంట దాటాక అరవై అంకణాల స్థలం ఉంది. అందులో పదిహేను చదరాల (1,500 చదరపు అడుగులు) ఇల్లు కడదామని. ఇంజనీరు రెండు ఎస్టిమేట్లు ఇచ్చారు. ఒకటి మామూలుది. రెండోది గ్రీన్ అట, 2.8 లక్షలు ఎక్కువ. అందులో 3 కిలోవాట్ల సోలార్ (సబ్సిడీ పోగా 1.12 లక్షలు), మిద్దె మీద ఇన్సులేషన్, దానిపైన తెల్ల టైల్స్ (68 వేలు), మిగతా లక్ష ఏఏసీ బ్లాకులకూ (గాలి బుడగలుండే తేలిక సిమెంటు ఇటుకలు) రెండు పొరల అద్దాల కిటికీలకూ. "30 ఏళ్ళలో 14 లక్షలు మిగులుతుంది, ఖాయం" అని రాసి సంతకం కూడా పెట్టారు.

నాకు ఆ 'ఖాయం' దగ్గరే గొంతు పట్టుకుంది. కరెంటు రేటు తెలియదు, ఎండలు ఎలా ఉంటాయో తెలియదు, అసలు మేమే ఈ ఊళ్ళో ఉంటామో లేదో తెలియదు. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, తను డబ్బు సంగతి వదిలేసి, ఈ ఇంటి వల్ల గాలిలోకి వెళ్ళే కార్బన్ ఎంత అని అడుగుతోంది. దానికీ నా దగ్గర జవాబు లేదు. ఇన్ని తెలియనివి పెట్టుకుని జనం ఎలా నిర్ణయం తీసుకుంటున్నారు? ఇప్పుడున్న అద్దె ఇంట్లో నెలకు 180 యూనిట్ల దాకా కాలుతుంది. ఒక ఏసీ, అదీ ఎండాకాలమే.

రేణిగుంట_జంక్షన్
ఆ సారును వచ్చే నెల ఇసుక ట్రాక్టరు ఎంతకు దొరుకుతుందో కూడా అదే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.

బేల్దారి_మనవడు
మాది మూడు తరాల బేల్దారి పని. గ్రీన్ అయినా ఎర్ర అయినా, క్యూరింగ్ సరిగా చేయని ఇల్లు ఇరవై ఏళ్ళకే కమ్మీలు బయటపెడుతుంది. మీ ఎస్టిమేట్లో నీళ్ళు పట్టడానికి ఎన్ని రోజులు రాశారో చూడండి ముందు. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు వాడితే కనీసం పది రోజులు పట్టాలి, ఓపీసీకైతే (బూడిద కలపనిది) వారం. మన ఎండకు రెండింటికీ రెండు వారాలు పడితే మంచిది. ఎవరూ పట్టరు.

ఏఏసీ గురించి: బరువు తక్కువ, ఇటుకలో మూడో వంతే. గోడలు త్వరగా లేస్తాయి. కానీ దాని అతుకు వేరే, ప్లాస్టరింగ్ వేరే. అలవాటు లేని మేస్త్రీ చేతికిస్తే ఏడాది తిరక్కముందే వెంట్రుకల్లాంటి పగుళ్ళు. ఎవరు కడతారో అడిగాకే బ్లాకు ఎంచుకోండి.

లెక్కల_పంతులు
14 లక్షలను 30తో భాగిస్తే ఏడాదికి దాదాపు 46,700. నెలకు 3,900. అంటే ఆయన లెక్కలో మీ కరెంటు బిల్లు కనీసం అంత ఉండాలి, అది మొత్తం మాయం కావాలి. మీకు 180 యూనిట్లే అన్నారు. నా బిల్లు మీద ఉన్న స్లాబులతో వేసి చూశాను: మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు. 180 యూనిట్లకు 747 రూపాయలు వచ్చింది. ఫిక్స్‌డ్ ఛార్జీ, ఇంధన సర్దుబాటు, డ్యూటీ అన్నీ కలిపి వెయ్యి అనుకోండి. ఏడాదికి 12,000.

మీ బిల్లు రేపటి నుంచి సున్నా అయిపోయినా 30 ఏళ్ళకు 3.6 లక్షలు. 14 ఎక్కడి నుంచి వస్తుంది?

తుమ్మలగుంట_ప్లాటు
@లెక్కల_పంతులు అయితే ఆయన అబద్ధం రాశారంటారా సార్?

లెక్కల_పంతులు
అబద్ధమనను. నెలకు 450 యూనిట్లు కాల్చే ఇంటిని మనసులో పెట్టుకుని ఉంటారు. పైన 400 దాకా 8.75, ఆ తర్వాత 9.75 కాబట్టి అక్కడ బిల్లు గబగబా పెరుగుతుంది. రెండు ఏసీలు, గీజరు, పెద్ద ఫ్రిజ్, నలుగురు మనుషులు. ఆ ఇంటికి ఆయన లెక్క మరీ తప్పు కాదు. మీ ఇంటికి తప్పు.

చిత్తూరు_పాతబస్టాండ్
పంతులు గారూ, 30 ఏళ్ళు 180 యూనిట్లే అంటే నేను ఒప్పుకోను. మా ఇంట్లో 2012లో ఏసీ అంటే నవ్వేవాళ్ళు. ఇప్పుడు మూడు గదుల్లో మూడు. ఎలక్ట్రిక్ స్కూటర్ వచ్చింది. మా నాన్న మాతో ఉండటానికి వచ్చాక పగలు కూడా ఏసీ. ఇంకో సంగతి, మిగిలే యూనిట్లు పై స్లాబులోవి. సగటు రేటుతో కాదు, పై రేటుతో గుణించాలి.

లెక్కల_పంతులు
రెండో మాట నిజం, ఒప్పుకుంటున్నా. మొదటిది కూడా సగం నిజం. కానీ అందులోనే నా పాయింటు ఉంది. ఏ యూనిట్ల సంఖ్య తీసుకుంటారన్నదాన్ని బట్టి జవాబు మూడు నాలుగు రెట్లు మారిపోతోంది. మిగతావన్నీ దాని ముందు చిన్నవి.

బ్యాంకు_పద్మ
హోమ్ లోన్ల కౌంటర్లో కూర్చుంటాను కాబట్టి ఒక మాట. 30 ఏళ్ళ తర్వాత వచ్చే రూపాయిని ఈరోజు రూపాయితో కూడకూడదు. ఏడాదికి 8 శాతం లెక్కన వెనక్కి తెస్తే ఆ రూపాయి ఈరోజు పది పైసలు. 10 శాతమైతే ఆరు పైసలు కూడా లేదు. 6 శాతమైతే పదిహేడు పైసలు. ఏ శాతం పెట్టాలంటే, ఇల్లు లోన్ మీద కడుతున్నట్టయితే మీ లోన్ వడ్డీయే పెట్టండి. ఆ 2.8 లక్షలకు మీరు కట్టేది అదే కదా.

అలా చూస్తే ఏడాదికి 12,000 చొప్పున 30 ఏళ్ళు వచ్చేది 8 శాతం మీద ఇప్పటి విలువలో 1.35 లక్షలు. కరెంటు రేటు ఏటా 4 శాతం పెరుగుతుందనుకుంటే 2.1 లక్షలు. 6 శాతం పెరిగితే 2.7 లక్షలు, అంటే అప్పటికి గాని పెట్టిన డబ్బు దాకా రాదు. ఇందులో సోలార్ ఇన్వర్టర్ పదేళ్ళకోసారి మార్చే ఖర్చు వేయలేదు.

తుమ్మలగుంట_ప్లాటు
అయితే గ్రీన్ వద్దనే కదా మేడమ్?

బ్యాంకు_పద్మ
అలా అనలేదండీ. మొత్తాన్ని ఒక మూటగా చూడొద్దంటున్నాను. మూడు వస్తువులు, మూడు రకాల లెక్కలు.

రేణిగుంట_జంక్షన్
అరవై అంకణాలన్నారు, మన అంకణమేనా? నెల్లూరు అల్లుడెవరైనా చదివితే రెండింతల స్థలం అనుకుని సంబంధం మాట్లాడటానికి వచ్చేస్తారు.

తుమ్మలగుంట_ప్లాటు
మన అంకణమే సామీ, 36 చదరపు అడుగులది. మా అమ్మాయి ఈ థ్రెడ్ చదువుతోంది, కాస్త చూసి రాయండి.

బంగారుపాళ్యం_తోతాపురి
అనిశ్చితి గురించి మామిడి తోపు ఉన్నోడికి చెప్పొద్దు. చెట్టు పెట్టేటప్పుడు నలభై ఏళ్ళు కాపు అంటారు. 2025లో ఫ్యాక్టరీ కిలోకు 8, ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలు ఇస్తామన్నా దాని కోసం బారులు తీరాం. అయినా చెట్లు పెడుతూనే ఉన్నాం. ఒక్క రకమే పెట్టినోళ్ళు ఎక్కువ మునిగారు.

కపిలతీర్థం_జల్లు
అమ్మాయి అడిగిన ప్రశ్నకు వస్తాను. నేను భవనాల కార్బన్ లెక్కల పని చేస్తాను. ముతక లెక్కే, కానీ ఎక్కడ బరువు ఉందో తెలుస్తుంది.

పదిహేను చదరాలకు సిమెంటు 600 మూటలు అనుకుందాం. 30 టన్నులు. ఓపీసీ అయితే టన్నుకు 0.85 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్, అంటే 25 టన్నులు. బూడిద కలిసిన పీపీసీ అయితే టన్నుకు 0.6 చుట్టుపక్కల, అంటే 18. స్టీలు ఐదున్నర ఆరు టన్నులు, దానికి 13. కాల్చిన ఇటుకలు 22 వేలు, ఇంకో 13. రవాణా, టైల్స్, పెయింట్, అల్యూమినియం కలిపితే మొత్తం 50 టన్నులు అనుకోండి. 35 కావచ్చు, 70 కావచ్చు. బట్టీని బట్టి, స్టీలు ఎక్కడిదన్నదాన్ని బట్టి అంత తేడా ఉంటుంది.

ఇక కరెంటు. మన గ్రిడ్‌లో (ఊరూరికీ కరెంటు పంచే లైన్లు) యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. మీ 180 యూనిట్లకు ఏడాదికి ఒకటిన్నర టన్ను. అంటే గృహప్రవేశం రోజుకే మీరు 33 ఏళ్ళ కరెంటు కార్బన్ ముందుగా వదిలేసి ఉంటారు. గ్రిడ్ ఇప్పటిలాగే ఉంటేనే ఆ 33. దేశం 2070కి నెట్ జీరో (వదిలేదీ పీల్చుకునేదీ సరిసమానం) అంటోంది, సోలార్ పెరుగుతోంది. గ్రిడ్ శుభ్రపడే కొద్దీ కరెంటు వాటా తగ్గి సిమెంటు, స్టీలు వాటా పెరుగుతుంది.

అందుకని కార్బన్ కోసమైతే నేను ముందు చూసేది ప్యానెళ్ళు కాదు. గదులు ఎంత పెద్దవి, పిల్లర్లు ఎన్ని, ఏ సిమెంటు అన్నది. ఒక చదరం తగ్గిస్తే మూడు టన్నులకు పైగా తగ్గుతుంది. ఏ గ్రీన్ ఎస్టిమేట్లోనూ ఆ మాట ఉండదు, ఎందుకంటే దానికి బిల్లు రాదు.

చిత్తూరు_పాతబస్టాండ్
@కపిలతీర్థం_జల్లు డబ్బుకు పదిపైసల లెక్క వేశారు కదా పద్మ గారు. మరి ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చే కార్బన్‌ను కూడా పది పైసలే అనాలా?

కపిలతీర్థం_జల్లు
ఆ గొడవ పెద్దది. చాలావరకు లెక్కల్లో అలా తగ్గించరు, టన్నుకు టన్నే కూడతారు. గాలిలోకి వెళ్ళిన దాంట్లో కొంత వందల ఏళ్ళు అక్కడే ఉంటుంది, దానికి బ్యాంకు వడ్డీ తెలియదు. నా అభిప్రాయం అడిగితే ఈరోజు వదిలేది ఖచ్చితం, రేపు తగ్గిస్తామనేది అంచనా. రెండూ ఒకే అంకె అయినా నేను ఈరోజుదాన్నే ఎక్కువ పట్టించుకుంటాను. కొందరు సహోద్యోగులు దీన్ని అస్సలు ఒప్పుకోరు.

బేల్దారి_మనవడు
పీపీసీ గురించి చిన్న హెచ్చరిక. మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. శ్లాబు కింద సెంట్రింగ్ తొందరపడి విప్పేవాడి చేతికి పీపీసీ ఇస్తే ప్రమాదం. ముద్దనూరు వైపు థర్మల్ బూడిదతో చేసిన ఇటుకలు కూడా బాగానే ఉంటాయి, సైజు నీటుగా ఉంటుంది, ప్లాస్టరింగ్ పలచగా పడుతుంది. తడిపి కట్టాలి, మళ్ళీ నీళ్ళు పట్టాలి. అది చేయరు, తర్వాత ఇటుకను తిడతారు.

భవానీనగర్_పాతిల్లు
అందరూ ఒకటి మర్చిపోతున్నారు. ఇల్లు ఎన్నాళ్ళు ఉంటుంది?

మా నాన్న 1998లో కట్టారు. వందేళ్ళు ఉండాలని పిల్లర్లకు రెట్టింపు స్టీలు వేయించారు. 2021లో మేం అన్నదమ్ములం ముగ్గురం డెవలప్‌మెంటుకు ఇచ్చేశాం. ఆ పిల్లర్లు పగలగొట్టడానికి బ్రేకర్ వాళ్ళు అదనంగా అడిగారు. ఇంటికి ఏ జబ్బూ లేదు. స్థలం రేటు పెరిగింది, అంతే. తిరుపతిలో ఇల్లు ముసలిదై పోవడం నేను ఎక్కువగా చూడలేదు, వాటాలు తేలక పోవడం చూశాను.

కపిలతీర్థం_జల్లు
@భవానీనగర్_పాతిల్లు లెక్కల్లో అతి పెద్ద రంధ్రం అదే. మేం సాధారణంగా 50 లేదా 60 ఏళ్ళు అని పెట్టేసుకుంటాం. 50 టన్నులను 60 ఏళ్ళకు పంచితే ఏడాదికి 0.8 టన్ను. మీ ఇల్లులా 23 ఏళ్ళకే కూల్చేస్తే 2.2. సిమెంటు రకం మార్చి తెచ్చిన ఆదా అంతా అక్కడ కొట్టుకుపోతుంది.

చంద్రగిరి_కోటగోడ
అందుకే అంటాను, మన పాతవాళ్ళలా కట్టాలని. చంద్రగిరి రాజమహల్ చూడండి. రాయి, ఇటుక, సున్నం. చెక్క అన్నదే లేకుండా కట్టారు. వందల ఏళ్ళుగా నిలబడి ఉంది. దానికి మీ ఏఏసీ ఎందుకు, ఇన్సులేషన్ ఎందుకు? లోపలికి వెళ్తే మే నెలలో కూడా చల్లగా ఉంటుంది.

లెక్కల_పంతులు
నిలబడినదాన్నే చూస్తున్నారు. ఆ కాలంలో చుట్టుపక్కల కట్టిన వేల ఇళ్ళు ఏవీ? కూలిపోయినవి మన లెక్కలోకి రావు. పైగా అది రాజు డబ్బు.

బేల్దారి_మనవడు
గానుగ సున్నం తిప్పేవాళ్ళు, అది పూసేవాళ్ళు మా నాయన కాలానికే తగ్గిపోయారు. ఇప్పుడు దొరికితే కూలీ ఎంత చెబుతారో వాళ్ళకే తెలియాలి. అడుగున్నర మందం గోడ కడితే ఆ స్థలంలో హాలు ఎంత మిగులుతుందో కూడా చూసుకోండి. అన్నా, సున్నం మీద నాకూ ప్రేమే. తుమ్మలగుంటలో పదిహేను చదరాలకు మాత్రం కుదరదు.

చంద్రగిరి_కోటగోడ
సరే, రాజమహల్ కట్టమనలేదు. పడమటి గోడకు కిటికీ తగ్గించండి, సన్‌షేడు రెండడుగులు బయటికి రానివ్వండి, వేప చెట్టుకు చోటు వదలండి. వీటికి ఏ ఎస్టిమేటూ అక్కర్లేదు. అద్దం రెండు పొరలు వేసి దానికి నీడ లేకుండా వదిలేసే ఇళ్ళు చూస్తే నాకు కోపం వస్తుంది.

కపిలతీర్థం_జల్లు
కోటగోడ గారి ఈ పోస్టుకు నా రెండు చేతుల ఓటు. కరెంటు రేటు పెరిగినా తగ్గినా, ఇల్లు 20 ఏళ్ళున్నా 80 ఏళ్ళున్నా, నీడ వల్ల నష్టపోయే పరిస్థితి నాకు ఒక్కటీ కనిపించడం లేదు. ముందు అలాంటివి ఏరుకోవాలి.

స్వర్ణముఖి_గట్టు
మీరంతా యూనిట్లు, టన్నులు అంటున్నారు. నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు.

2021 నవంబరు గుర్తుందా? స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు ప్రమాదమని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. ఊళ్ళో కాలనీలకు కాలనీలు నీళ్ళలో ఉన్నాయి. శ్రీకృష్ణానగర్‌లో సిమెంటు రింగుల సంపు భూమిలోంచి పైకి లేచింది, అందరూ ఫోటోలు తీసుకున్నారు. వింత ఏమీ కాదు. పదివేల లీటర్ల సంపు ఖాళీగా ఉండి, చుట్టూ నేల నీటితో నిండిపోతే, కింది నుంచి దాదాపు పది టన్నుల బలం పైకి తోస్తుంది. రింగుల బరువు అంత ఉండదు. మా వీధిలో తర్వాత అందరూ సంపు శుభ్రం చేసే రోజు ఆకాశం చూస్తున్నారు.

తుమ్మలగుంట అన్నా, మీ ప్లాటు రోడ్డుకంటే ఎంత కిందుంది? పాత కాలువ ఏదైనా పక్కన ఉందా? బేస్‌మట్టం రెండడుగులు పెంచడానికి అయ్యే ఖర్చు ఆ రెండు పొరల అద్దాలకంటే తక్కువే ఉండొచ్చు.

లెక్కల_పంతులు
దీనికి ఒక చిన్న అంకె జోడిస్తాను. 'యాభై ఏళ్ళకోసారి వచ్చే వరద' అంటే మనం మన జీవితంలో ఇక రాదనుకుంటాం. ఏడాదికి 2 శాతం అవకాశం అని దాని అర్థం. 30 ఏళ్ళలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 45 శాతం. నాణెం ఎగరేసినంత.

చిత్తూరు_పాతబస్టాండ్
ఆ 2 శాతం కూడా పాత వానల లెక్క నుంచి వచ్చిందే కదా సార్. ఇప్పటి వానలకు అది పనికొస్తుందా?

లెక్కల_పంతులు
ఎక్కువే అయ్యుండొచ్చు. అందుకే ఒక్క అంకె మీద నిలబడొద్దంటున్నాను.

నిన్న రాత్రి ఊరికే ఉండలేక ఎక్సెల్లో వేశాను. ర్యాండ్ ఫంక్షన్ ఉంటే చాలు. యూనిట్లు 150 నుంచి 450 మధ్య ఎంతైనా, రేటు పెరుగుదల 0 నుంచి 6 శాతం, వడ్డీ 7 నుంచి 10, ఇల్లు మీ చేతిలో ఉండేది 10 నుంచి 40 ఏళ్ళు. ఒక్కోసారి ఒక్కో అంకె దానంతటదే పడేలా పెట్టి వెయ్యి సార్లు తిప్పాను. దీన్ని మోంటే కార్లో అంటారు, జూదశాలకు పేరున్న ఊరి పేరే.

మొత్తం 2.8 లక్షల మూటకు సగం కంటే కొంచెం ఎక్కువ సార్లు డబ్బు వెనక్కి రాలేదు. వచ్చినప్పుడు మాత్రం బాగానే వచ్చింది. జవాబును ఎక్కువగా ఊపేసింది యూనిట్లు, తర్వాత ఎన్నేళ్ళు ఉంటారన్నది. కరెంటు రేటు మూడోది. మనం రోజూ పోట్లాడుకునే సిమెంటు మూట ధర దాదాపు ఏమీ ఊపలేదు.

అలిపిరి_మెట్లపక్క
పంతులు గారూ, మీ మోంటే కార్లోలో కోతి ఉందా? మా వీధిలో ప్యానెళ్ళ మీద గుంపులుగా దిగి వైర్లు పీకుతాయి. ఒక ఇంట్లో ప్యానెల్ మీద కొబ్బరి చిప్ప కొట్టుకుని తిన్నాయి.

రేణిగుంట_జంక్షన్
కోతికి ఎంత శాతం పెట్టాలి, ఏకరీతిగా వస్తుందా గుంపుగా వస్తుందా?

బంగారుపాళ్యం_తోతాపురి
ప్యానెళ్ళు పెడితే మా ఆవిడ మామిడి తాండ్ర ఎక్కడ ఆరబెట్టాలి? మూడు కిలోవాట్లంటే మూడు చదరాల మిద్దె పోయినట్టే. ఇది కూడా ఖర్చు కింద రాయాలి.

లెక్కల_పంతులు
కోతిని చేరుస్తాను, నవ్వులాటకు కాదు. తుమ్మలగుంటకు ఎంత వస్తాయో స్థానికులు చెప్పాలి.

చిత్తూరు_పాతబస్టాండ్
ఈ వెయ్యి సార్లు తిప్పడం మీద నాకు నమ్మకం తక్కువ. 150 నుంచి 450 అని మీరే ఊహించారు. పిండి కొద్దీ రొట్టె. పైగా ఎండలు పెరిగితే యూనిట్లూ పెరుగుతాయి, రేటూ పెరుగుతుంది, రెండూ కలిసి నడుస్తాయి. మీ షీటులో వేటికవే విడిగా పడుతున్నాయి.

లెక్కల_పంతులు
న్యాయమైన విమర్శ. రెండింటినీ ముడివేస్తే చివరలు ఇంకా దూరం జరుగుతాయి, బాగా లాభం వచ్చేవీ బాగా నష్టం వచ్చేవీ పెరుగుతాయి. షీటు 'ఇంత వస్తుంది' అని చెప్పడానికి కాదు. దేని గురించి ఇంకా కనుక్కోవాలో, దేన్ని వదిలేయొచ్చో చెప్పడానికి.

బ్యాంకు_పద్మ
కౌంటర్ దగ్గర నేను వేరే ప్రశ్న అడుగుతాను. రేపు ఎలా తిరిగినా, దేనికి ఎక్కువ బాధపడతారు? సోలార్ ఇప్పుడు పెట్టించకపోతే, యూనిట్లు పెరిగాక పెట్టించుకోవచ్చు. కొన్నాళ్ళ బిల్లు పోతుంది, అంతే. బేస్‌మట్టం ఇప్పుడు ఎత్తు పెంచకపోతే ఆ తర్వాత ఏ డబ్బూ దాన్ని ఎత్తదు. పడమటి కిటికీ, పిల్లర్ల బలం, వర్షపు నీటి గుంత, ఇవన్నీ ఇప్పుడు కాకపోతే ఇక కావు. వీటికి ముందు డబ్బు పెట్టండి, మిగిలితే మిగతావి.

చిత్తూరు_పాతబస్టాండ్
మేడమ్, 'తర్వాత' అన్నది మన ఇళ్ళల్లో ఎప్పుడూ రాదు. ఒకసారి గృహప్రవేశం అయ్యాక ఇంటి మీద రూపాయి పెట్టమంటే ఎవరు పెడతారు? పిల్లల ఫీజులు, పెళ్ళిళ్ళు. లోన్లో కలిసిపోతేనే పని జరుగుతుంది. మిద్దె సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 3 కిలోవాట్లకు 78 వేలు ఇప్పుడుంది. ఐదేళ్ళ తర్వాత ఉంటుందని ఎవరు చెప్పారు?

బ్యాంకు_పద్మ
సబ్సిడీ మాట ఒప్పుకుంటున్నా. అయినా 180 యూనిట్ల ఇంటికి 3 కిలోవాట్లు దేనికి? అది నెలకు 360 దాకా ఇస్తుంది. మిగులు యూనిట్‌కు వచ్చే ధర మనం కట్టే పై స్లాబు ధరలా ఉండదు. ఒక కిలోవాటుకు కూడా 30 వేల సబ్సిడీ ఉంది. నెలకు 120 యూనిట్లు. మీ బిల్లులో ఖరీదైన యూనిట్లన్నీ అవే మింగేస్తాయి.

అలిపిరి_మెట్లపక్క
కోతులకు కూడా చిన్నది చాలు.

భవానీనగర్_పాతిల్లు
మిద్దె ఇన్సులేషన్ 68 వేలు చూశాక ఇంకోటి తోచింది. అన్నా, పైన ఇంకో అంతస్తు వేసి అద్దెకిచ్చే ఆలోచన ఉందా? మన ఊళ్ళో ఐదారేళ్ళకు అందరూ వేస్తారు. వేస్తే ఆ ఇన్సులేషన్, తెల్ల టైల్స్ అన్నీ పైవాళ్ళ నేల కింద సమాధి.

తుమ్మలగుంట_ప్లాటు
@భవానీనగర్_పాతిల్లు ఉందండీ. పునాది రెండంతస్తులకు వేయిస్తున్నాం. ఇది మా ఇంజనీరుకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

కపిలతీర్థం_జల్లు
అయితే అంతవరకు మిద్దెకు తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే కూల్ పెయింటో వేయండి. కొన్ని వేలతో పోతుంది, రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ వేయాలి. తెలంగాణలో 2023లో దీనికోసం ఏకంగా ఒక పాలసీయే తెచ్చారు. పై అంతస్తు లేచాక దాని నెత్తిన ఇన్సులేషన్ పెట్టించుకోండి. కార్బన్ వైపు నుంచి కూడా పై అంతస్తు మంచిదే, కొత్త స్థలంలో కొత్త పునాదితో ఇంకో ఇల్లు కట్టడం తప్పుతుంది.

స్వర్ణముఖి_గట్టు
బేస్‌మట్టం సంగతి ఎవరైనా తేల్చారా?

తుమ్మలగుంట_ప్లాటు
ఈరోజు సాయంత్రం దారం పట్టి చూశాం. రోడ్డుకంటే అడుగు కిందుంది. 2021లో నీళ్ళు ఎందాకా వచ్చాయో పక్కింటి పెద్దాయన గోడ మీద గీత చూపించారు. దానికంటే ఒక అడుగు పైకి బేస్‌మట్టం పెట్టమని చెప్పేశాను. రెండు పొరల అద్దాలు తీసేయించి, ఆ డబ్బు దానికి మళ్ళిస్తున్నా. పడమటి పడకగది కిటికీ ఉత్తరానికి మారింది. హాలు ఒక చదరం తగ్గించమంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, అర చదరం దగ్గర రాజీ. అమ్మాయి దాన్ని టన్నుల్లోకి మార్చి ఫ్రిజ్ మీద అంటించింది.

సోలార్ ఒక కిలోవాటా, పైపులు మాత్రం వేసి వదిలేయడమా అన్నది ఇంకా తేలలేదు. ఏఏసీ వద్దు, బూడిద ఇటుకలే, మా మేస్త్రీకి అవే అలవాటు.

బేల్దారి_మనవడు
పైపులు వేసేటట్టయితే మిద్దె నుంచి మీటరు పెట్టె దాకా ఒకటి, ఎర్తింగుకు ఒకటి విడిగా వదలండి. శ్లాబు వేశాక గోడ కొట్టుకుంటూ తిరగొద్దు. ఇంకోటి, బోరు నీళ్ళతోనే కట్టేటట్టయితే నీళ్ళు పరీక్ష చేయించండి. ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం) ప్రకారం కమ్మీలున్న కాంక్రీటుకు క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. శ్లాబు కింద కవర్ బ్లాకులు (కమ్మీలు సెంట్రింగ్‌కు తగలకుండా ఎత్తిపట్టే బిళ్ళలు) పెట్టారో లేదో సెంట్రింగ్ మీదికెక్కి మీరే చూసుకోండి, రాళ్ళ ముక్కలు పెడితే ఒప్పుకోవద్దు.

తుమ్మలగుంట_ప్లాటు
నీళ్ళ పరీక్ష ఎక్కడ చేస్తారు? ఎంత నీళ్ళు తీసుకెళ్ళాలి?

బేల్దారి_మనవడు
ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో అడగండి, చేస్తారు. శుభ్రమైన క్యాన్లో రెండు లీటర్లు. బోరు పదినిమిషాలు వదిలాక పట్టండి, మొదట వచ్చేది పట్టొద్దు.

రేణిగుంట_జంక్షన్
@లెక్కల_పంతులు సార్ ఆ ఎక్సెల్ షీటు పెట్టండి, మా బావమరిది కరకంబాడిలో కడుతున్నాడు.

లెక్కల_పంతులు
రాత్రికి పెడతాను. పసుపు గళ్ళలో అంకెలే మార్చండి, మిగతావి ముట్టుకోవద్దు. కోతి వరుస చివరన ఉంది.